మా ఇంట్లో అనని మాట

ఆగస్టు 4, సోమవారం

పొద్దుటి నుంచీ ముసురు. కోడిపిల్లల హేచరీ రేకుల మీద వాన పడుతూనే ఉంది గానీ లోపల ఫ్యాన్ల మోతకు వినపడదు. తలుపు తీసినప్పుడే తెలుస్తుంది. ఈరోజు ట్రాన్స్‌ఫర్. గుడ్లు పొదిగే సెట్టర్‌లోంచి అన్నీ తీసి, లైటు మీద పెట్టి చూసి, ప్రాణం లేనివి ఏరేసి, మిగతావి పిల్లలు బయటికొచ్చే హేచర్ ట్రేల్లో సర్దాం. గురువారానికి పిల్లలు. నడుం పట్టేసింది.

పోయిన బ్యాచ్‌లో పిల్లలు కాస్త తగ్గాయి. కరెంటు పోయినప్పుడు జనరేటర్ ఆలస్యంగా అందుకుంది. అది అందరికీ తెలిసిందే. అయినా సూపర్‌వైజరు నన్నే అడిగాడు, ఏమ్మా, గుడ్లకి జోల గానీ పాడుతున్నావా, ఒక్కటీ లేవనంటోంది అని.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య గుమ్మంలో కూర్చుని ఉంది. నేను వచ్చేదాకా అక్కడే కూర్చుంటుంది. మా ఆయన రెండేళ్ళ కింద షెడ్డు మీద రేకులు మారుస్తూ జారిపడి పోయాక ఆవిడ నాతోనే ఉండిపోయింది. ఆడపడుచు పట్నం రమ్మని ప్రతి ఫోన్‌లోనూ అడుగుతుంది. ఇది ఒక్కతీ ఉండలేదే, ఎలా రాను అంటుంది అత్తయ్య. నిజమే, ఉండలేను. పొద్దువాలే వేళకి వెనక గదిలో ఆయన దగ్గు వినపడుతుంది. ఒకటి, కాస్త ఆగి ఇంకొకటి. బతికుండగా దగ్గినట్టే.

ఆగస్టు 5, మంగళవారం

వాన తెరిపిచ్చింది. అత్తయ్య పొద్దున్నే ప్రార్థన చేసిన నూనె ఇచ్చింది. ఖాళీ అయిన దగ్గుమందు సీసాలో పోసి, బిగించి, మెషిన్లకి రాయి, నీ పని మీద ఆ సాతానుగాడి కన్ను పడింది అంది.

మా చర్చి సంఘంలో అత్తయ్యంటే అందరికీ గురి. దయ్యం పట్టి పీడిస్తోందని ఎవరినైనా తీసుకొస్తే పాస్టరు అయ్యగారు కూడా ముందు ఆవిడనే పిలుస్తారు. ఎదురుగా నిలబడి, అడుగు వెనక్కి వెయ్యకుండా, యేసు నామంలో పో అంటుంది. నేను కళ్ళారా చూశాను. వణికిపోతూ వచ్చినవాళ్ళు నిదానంగా నడిచి వెళ్ళారు.

మా సంఘంలో భయం అనే మాట ఎవరూ నోట పలకరు. పలికితే శత్రువుకి తలుపు తీసినట్టే. తిరస్కరిస్తున్నాను అనాలి. జ్వరమొచ్చినా, ఉద్యోగం పోయినా, తిరస్కరిస్తున్నాను. నేను దగ్గు సంగతి చెప్పిన రోజున కూడా అత్తయ్య నాచేత అదే అనిపించింది. అన్నాను. మర్నాడు దగ్గు మళ్ళీ వచ్చింది.

హేచర్‌లో నూనె రాశాను. తలుపుకి, పిడికి, అద్దానికి, ట్రేల అంచులకి. తేమ చూపించే థర్మామీటరు ఉంటుంది, దాని బల్బుకి చుట్టిన గుడ్డ నీళ్ళలోకి వేలాడుతుంటుంది. దానికీ రాశాను. ఏదీ వదల్లేదు.

ఆగస్టు 7, గురువారం

బ్యాచ్ పోయింది.

ట్రే లాగేసరికి తెలిసిపోయింది. అరుపుల్లేవు. పెంకు పొడిచాయి, ముక్కు బయటపెట్టాయి, అక్కడే ఆగిపోయాయి. లోపలి పొర ఎండి ఒంటికి అతుక్కుపోయింది. కొన్నిటిని వేళ్ళతో విడదీశాను. విడదీసినవీ నిలబడలేదు.

సూపర్‌వైజరు ఈరోజు జోక్ వెయ్యలేదు.

అత్తయ్యకి చెప్పాను. ఆవిడ వింటూనే లేచి నిలబడింది. నూనె రాసిన చోటికే వచ్చాడంటే వాడు మామూలోడు కాదు, మన గడప దాకా వచ్చాడు అంది. రేపటి నుంచి మూడు రోజులు ఉపవాసం, మంచినీళ్ళు కూడా ముట్టను అంది.  నాకూ అలాగే అనిపించింది.

ఆగస్టు 8, శుక్రవారం

సాయంత్రం అయ్యగారు, అమ్మగారు, నలుగురు సహోదరీలు వచ్చారు. వెనక గదిలో నిలబడి ప్రార్థించారు. బంధిస్తున్నాం, వెళ్ళగొడుతున్నాం అని ఒకటే కేకలు. పక్కింటి డ్రైవరు రేడియో పెంచాడు. అమ్మగారు ఇంకా గొంతు పెంచారు. కాసేపటికి రేడియోనే ఆగిపోయింది.

అందరూ వెళ్ళేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, ఇక నిశ్చింతమ్మా అన్నారు. ఎలా ఉన్నావని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగినా నేను తిరిగి చెప్పేది స్తోత్రం అనే కదా.

దగ్గు రాలేదు. పొద్దువాలింది, దీపాలు పెట్టాం, రాలేదు. నేను స్నానాల గదిలోకి వెళ్ళి ఏడ్చాను. ఇది రాయకూడదు. రెండేళ్ళుగా దానికి జడిసి చచ్చాను. కానీ ఆయనవి ఈ ఇంట్లో ఇంకేం చప్పుళ్ళున్నాయి?

ఆగస్టు 9, శనివారం

దగ్గు లేదు. ఇల్లు మరీ పెద్దదైపోయింది.

ఆగస్టు 11, సోమవారం

ఎండ. మెకానిక్ బాబాయ్ వచ్చి హేచర్ విప్పాడు. ఫ్యాన్ చూశాడు, హీటర్ చూశాడు. చివరికి థర్మామీటరు గుడ్డ వేళ్ళతో నలిపి, వాసన చూసి, ఇక్కడ వంట ఎవరు మొదలెట్టారమ్మా అన్నాడు.

గుడ్డకి నూనె పడితే అది నీళ్ళు పీల్చదట. గుడ్డ ఎండిపోతే బల్బు చల్లబడదట, దాంతో మెషిన్ లోపల తేమ ఎక్కువైందనుకుని నీటి తుంపర ఆపేస్తుందట. ఆ పొడి గాలికి పొరలు ఎండిపోయాయి. అంతే. ఇంకేం లేదు.

నేనే రాశానని చెప్పాను. బాబాయ్ నా వంక చూసి, కావాలంటే నీ తలకి రాసుకోవమ్మా, మెషిన్‌కి తలనొప్పి లేదు అన్నాడు. సూపర్‌వైజరు నన్ను ట్రేలు కడిగే పనికి వేశాడు.

అత్తయ్యకి చెబుదామని ఇంటికి దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చాను. ఆవిడ మోకాళ్ళ మీద ఉంది. మూడు రోజులన్న ఉపవాసం ఇంకా విడవలేదు. పెదాలు పగిలి ఉన్నాయి. నీ వచ్చే బ్యాచ్ కోసమే పోరాడుతున్నా, మధ్యలో పలకరించకు అంది. రేపు చెబుదాంలే అనుకున్నాను.

ఆగస్టు 12, మంగళవారం

నిన్ననే చెప్పాల్సింది.

డ్యూటీ నుంచి వచ్చేసరికి గుమ్మంలో అత్తయ్య లేదు. వంటగదిలో పడి ఉంది. పక్కన బిందె దొర్లి చీర, జాకెట్టు నానిపోయాయి. మంచినీళ్ళ కోసమే వెళ్ళిందో, ఇంకెందుకు వెళ్ళిందో. ముఖాన నీళ్ళు చల్లితే కళ్ళు తెరిచింది. పంచదార నీళ్ళు కాస్త కాస్త తాగించాను. తడి జాకెట్టు విప్పుతుంటే చేతికి తగిలింది. ఎడమ రొమ్ములో గడ్డ, రాయిలా. పైన చర్మం లోపలికి లాగేసి ఉంది.

ఆవిడ నా మణికట్టు పట్టుకుంది. అంత నీరసంలోనూ ఆ పట్టు విడిపించుకోలేకపోయాను. అది లేదు, చలికాలంలోనే తిరస్కరించాను, లేదు అంది.

ఎనిమిది నెలలు. ఒకే గదిలో పడుకుంటాం. నా దగ్గు సంగతి ఊరంతటికీ తెలుసు, ఆవిడ గడ్డ సంగతి నాకే తెలియదు.

ఆగస్టు 13, బుధవారం

పాలు తాగింది. డ్యూటీకి వెళ్ళేముందు చెంబుతో నీళ్ళు పక్కన పెట్టాను.

ఆగస్టు 14, గురువారం

ఈరోజు సెలవు పెట్టాను. పొద్దున్నే మంచం పక్కన కూర్చుని నూనె సంగతి మొత్తం చెప్పేశాను. గుడ్డ, నీటి తుంపర, బాబాయ్ అన్న మాట, అన్నీ.

ముందు ఆవిడకి అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వడం మొదలుపెట్టింది. అయితే అసలు వాడు రానే లేదా, పాపం, ఇన్ని రోజులు వాణ్ణి ఎన్ని మాటలన్నానే పిల్లా అంది. పక్క పట్టుకుని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఇద్దరం నవ్వి ఎన్నాళ్ళయిందో.

తర్వాత ఆగిపోయింది. వాడు ఉన్నాడు, లేడనుకునేవు అంది. ఉన్నాడని నాకూ తెలుసు అత్తయ్యా అన్నాను. మరి ఈ రాయి కూడా నూనె గుడ్డ లాంటిదేనంటావా అని అడిగింది. అది నాకు తెలీదు, డాక్టరు చూడాలి అన్నాను.

నేను పట్నం పోతే నువ్వు ఒక్కదానివీ ఎలా ఉంటావు అంది. ఉంటానన్నాను. ఉండలేవు అంది. నాకు భయమే, అయినా ఉంటాను అన్నాను.

అనేశాను. ఇద్దరం తలుపు వైపు చూశాం. తలుపు తీసే ఉంది. వాకిట్లో ఎండ ఉంది. ఎవరూ లోపలికి రాలేదు.

నాకూను అంది అత్తయ్య.

భయం ఆపరేషన్ కోతంటే కాదట. చావంటే కూడా కాదట, ప్రభువు దగ్గరికేగా అంది. మత్తంటే భయమట. మత్తు ఇచ్చాక నా నోరు పనిచెయ్యదు, బుద్ధి పనిచెయ్యదు, ఒక్క ప్రార్థన రాదు. నన్ను చూస్తే వాడికి ఒళ్ళు మంట. వాణ్ణి ఎందరి మీదనుంచి లేపి తరిమానో. ఇన్నేళ్ళు కాచుకుని కూర్చున్నోడు ఆ కాస్తసేపట్లో వస్తే ఎవరున్నారు నాకు అంది. చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది.

ఆ టైములో నేను చేస్తాను అన్నాను.

ఆవిడ నా ముఖంలోకి చూసింది. నువ్వా అంది. నేను సంఘంలో ఎప్పుడూ పైకి ప్రార్థన చెయ్యలేదు.  నేనే అన్నాను. మీరు మత్తులో ఉన్నంతసేపూ నాది డ్యూటీ, మీకు తెలివి వచ్చాకే దిగుతాను అన్నాను.

అప్పుడు ప్రార్థన చేసింది. కేకల్లేవు, ఆజ్ఞల్లేవు. ప్రభువా, నాకు భయంగా ఉంది, నీకు తెలుసుగా అంది. అంతే, ఆమెన్.

ఆగస్టు 16, శనివారం

ఇక్కడి డాక్టరమ్మ చూసి పట్నం ఆసుపత్రికి రాసింది. ఆలస్యమైందనీ అంది, ఇంకా సమయం ఉందనీ అంది. అత్తయ్య రెండోదే విన్నది. ఆడపడుచు ఫోన్లో ముందు ఏడ్చి, తర్వాత తిట్టి, తర్వాత అన్నీ చకచకా మాట్లాడి పెట్టింది. శుక్రవారం ఆపరేషన్.

ఆగస్టు 17, ఆదివారం

చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళకి అత్తయ్య లేచింది. ఎవరికో ఏదో వదిలిందని చెబుతుందనుకుని అందరూ చప్పట్లకి సిద్ధమయ్యారు. నాకు గడ్డ ఉంది, శుక్రవారం కోస్తారు, నాకు భయంగా ఉంది అంది.

చప్పట్లకి లేచిన చేతులు అలాగే ఆగిపోయాయి. వెనక నుంచి ఒక సహోదరి, తిరస్కరిస్తున్నాం అని అందుకుంది. అత్తయ్య వెనక్కి తిరిగి, ఆగవమ్మా, ముందు విను, తర్వాత తిరస్కరిద్దువు గానీ అంది.

 అయ్యగారు, ప్రభువు కూడా సిలువకి ముందు రాత్రి తోటలో తన మనసు ఎంత కలవరపడుతోందో పక్కవాళ్ళకి చెప్పాడు, వాళ్ళు విని నిద్రపోయారు, మనం పోకూడదు అన్నారు. అని మోకరించారు. ఆయనకి మోకాళ్ళ నొప్పులు, ఎప్పుడూ కుర్చీలోనే ప్రార్థిస్తారు. ఆ తర్వాత అందరూ వంగారు. పక్కన ఒకావిడ మెల్లగా నా చెవిలో, నాకూ చీకటంటే భయమమ్మా అంది. ఆవిడ పదిహేనేళ్ళుగా సంఘం కోశాధికారి.

బయటికొచ్చాక అమ్మగారు నన్ను ఆపి, నువ్వెలా ఉన్నావమ్మా అని అడిగారు. 

ఆగస్టు 20, బుధవారం

అత్తయ్య పొద్దుటి బస్సుకి వెళ్ళింది. ఆడపడుచు వచ్చి తీసుకెళ్ళింది. వార్డులో ఒక్కరినే ఉండనిస్తారట. నువ్వొస్తే నేను నిన్ను ఓదార్చలేక చావాలి, ఇక్కడే ఉండి నీ పని నువ్వు చెయ్యి అంది అత్తయ్య. బస్సు కదిలాక కిటికీలోంచి, శుక్రవారం తొమ్మిది, మర్చిపోకు అని అరిచింది. బస్సంతా నా వంక చూసింది.

సాయంత్రం ఇంటికొస్తే గుమ్మంలో ఎవరూ లేరు. తాళం తీయడానికి చెయ్యి రాలేదు. మెట్టు మీద కూర్చుని, ప్రభువా భయంగా ఉంది అని పైకే అన్నాను. పక్కింటి డ్రైవరు విని ఏంటమ్మా అన్నాడు. ఏం లేదన్నాను. లోపలికి వెళ్ళాను. భయం పోలేదు. నాతోపాటే లోపలికొచ్చింది. కానీ వచ్చింది అదొక్కటే కాదు. అది నాకు తెలిసింది. ఎలా తెలిసిందంటే రాయలేను.

ఆగస్టు 21, గురువారం

రేపు మధ్యాహ్నం దాకా సెలవు అడిగాను. ఆపరేషన్ అక్కడైతే ఇక్కడ నీకేం పని అన్నాడు సూపర్‌వైజరు. కావలి కాయాలి అన్నాను. సరే, రెండో షిఫ్టుకి రా అన్నాడు. జోక్ వెయ్యలేదు.

ఆగస్టు 22, శుక్రవారం

9.10. లోపలికి తీసుకెళ్ళారని ఆడపడుచు ఫోన్ చేసింది. ప్రార్థన మొదలుపెట్టాను.

11.00. మాటలు అయిపోయాయి. ఆవిడ పేరు, ప్రభువు పేరు, మళ్ళీ ఆవిడ పేరు.

12.40. బయటికి తెచ్చారట. తెలివి లేదు. ఇంకా నాదే డ్యూటీ.

2.15. తెలివి వచ్చిందట. రెండున్నరకి డ్యూటీకి వెళ్ళాను.