మూడు పెట్టెల మిషను, నాలుగో పెట్టె క్రెడిట్టు

వాణిజ్య పన్నుల అధికారి గారి సముఖమునకు

విషయం: కాగితాలు కోసే మిషను కొన్నప్పుడు కట్టిన పన్నుకు ఇన్‌పుట్ క్రెడిట్ ఏ రోజు నుంచి నాకు హక్కుగా వస్తుందో తేల్చి, ఆ రోజు ఈ నెలాఖరులోపలే ఉండేటట్లు చూడమని కోరుట గురించి.

అయ్యా,

ఈ అర్జీ రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. రెండుసార్లు కాగితం తీసి, రెండుసార్లూ మడిచి అట్టల మధ్య పెట్టేశాను. "రాసేదేదో రాసి పడెయ్యండి. ఇంట్లో ఈ తిరుగుడేంటి, నేల అరిగిపోతోంది" అంది మా ఆవిడ. నేల అరుగుదలకు క్రెడిట్ రాదు గనుక కూర్చున్నాను.

నేను ముప్ఫై తొమ్మిదేళ్ళుగా పుస్తకాలు బైండింగు చేస్తున్నవాడిని. బడిలో చదివింది నాలుగో తరగతి. మిగిలినదంతా బైండింగుకు వచ్చిన పుస్తకాల్లోంచి, జిగురు ఆరేలోపల చదువుకున్నది. అందువల్ల నాకు చాలా సంగతులు సగం దాకా తెలుసు. తమ పన్ను చట్టం కూడా ఒకసారి మా కొట్టుకు వచ్చింది. మొదటి సగం అయ్యేసరికి జిగురు ఆరిపోయింది. క్రెడిట్ సంగతి రెండో సగంలో ఉందట.

1. సదరు మిషను నాలుగు పెట్టెలలో రావలసి ఉండగా, గత నెలలో మూడు వచ్చినవి. మిషను మొత్తం ఆ మూడింటిలోనే ఉన్నది. బిగించిన సాయంత్రం నుంచీ కోస్తున్నది. రానిది నాలుగో పెట్టె. అందులో ఉండవలసినది దుమ్ము పడకుండా మిషను మీద వేసే తొడుగు. అంతే.

2. క్రెడిట్ నిమిత్తం తమ కార్యాలయపు గుమాస్తా గారిని కలువగా జరిగిన సంభాషణ ఉన్నదున్నట్లు మనవి చేయుచున్నాను.

"మిషను వచ్చిందా పెద్దాయనా?"

"వచ్చిందండీ."

"మొత్తం?"

"మొత్తం. తొడుగు తప్ప."

"అయితే రాలేదు."

"కోస్తోంది కదండీ!"

"కొయ్యనివ్వండి. మీరు కొన్నప్పుడు కట్టిన పన్నుని, అమ్మినప్పుడు కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవాలంటే బిల్లు చేతిలో ఉండాలి, సరుకు చేతికి రావాలి. ఒకే బిల్లు సరుకు విడతలుగా వస్తే ఆఖరి విడత అందిన రోజే హక్కు. తొడుగుకి వేరే బిల్లు ఉంటే మిషను దిగిన రోజే మీకు క్రెడిట్ వచ్చేసేది. అన్నీ కలిపి ఒకే బిల్లు ఎవరు రాయమన్నారు?"

నేనే రాయమన్నాను.

3. మిషను అమ్మిన ఆసామి రెండు బిల్లులు రాయబోయిన మాట వాస్తవము. నేనే బతిమాలి ఒకటి చేయించాను. విడి కాగితం కనిపిస్తే నాకు ఒళ్ళు నిలవదు. నాకు పని నేర్పిన పెద్దాయన ఒక లాయరు గారి పుస్తకంలో ఒక్క ఆకు పోగొట్టి, పదిహేను రోజుల పాటు ఆ వీధి మొహం చూడలేదు. చివరికి ఆ ఆకు ఆయన మంచం కోడు కిందే దొరికింది. మంచం ఊగుతుంటే మడిచి ఎత్తు పెట్టింది ఆయనే. ఇది అప్రస్తుతమని గుమాస్తా గారు అన్నారు. తమరు అనరని రాశాను.

4. అమ్మిన ఆసామికి ఫోను చేయగా, "తొడుగే కదా గురువుగారూ, రెండు నెలల్లో పంపుతాను. అందాకా ఏ పాత దుప్పటో కప్పండి" అన్నాడు. కప్పాను. మా బావమరిది, "నాలుగూ ముట్టాయని రాసి పారెయ్ బావా, దుప్పటి ఎత్తి చూసేదెవరు?" అన్నాడు. ఆ సలహా పాటించలేదు. గొప్ప కోసం కాదు, రసీదు మీద 'మూడు' అని అప్పటికే సంతకం పెట్టి ఉన్నాను.

5. అసలు బాధ ఇక్కడున్నది. రిజిస్టర్ల ఆర్డరు ఒకటి పూర్తి చేసినందున దాని మీది పన్ను ఈ నెలాఖరులోపల కట్టవలెను. క్రెడిట్ ఉంటే అందులో సరిపోతుంది. లేనిచో రొక్కం కట్టాలి. నా దగ్గరున్న రొక్కం, పదకొండేళ్ళుగా మా కొట్టులో పుస్తకాలు కుడుతున్న అక్కచెల్లెళ్ళిద్దరి జీతం. జీతం ఇవ్వలేకపోతే ఒకటో తారీఖు నుంచి రావద్దని చెప్పాలి. క్రెడిట్ ఎక్కడికీ పోదు, తొడుగు రాగానే వస్తుందని గుమాస్తా గారు ధైర్యం చెప్పారు. అప్పటికి వాళ్ళుండరు.

ఈ సంగతి వాళ్ళకింకా చెప్పలేదు. రోజూ చిన్నది అడుగుతుంది: "మావయ్యా, ఆఫీసువాళ్ళేమన్నారు?"

"చూస్తామన్నారమ్మా."

"చూడ్డానికి నెల పడుతుందా? కళ్ళజోడు ఇచ్చి రాకపోయావా?"

"నోరు ముయ్యవే, ఆయన మొహం చూడు" అంటుంది పెద్దది. నేను లేచి వీధిలోకి పోతాను. మళ్ళీ వస్తాను. మళ్ళీ పోతాను.

6. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు గారు మిషను నడవడం చూసి మెచ్చుకున్నారు. వెంట తెచ్చిన కాగితాల అంచులు నలిగి ఉన్నందున సాపు చేసి పెట్టమన్నారు. కోసి ఇచ్చాను. ఆ కాగితం మీదే 'మిషను ఇంకా పూర్తిగా అందలేదు' అని రాసుకుని వెళ్ళారు. ఆయన తప్పేమీ లేదు, నిబంధన ప్రకారమే రాశారు. కోత కూలి కూడా ఇవ్వబోతే నేనే వద్దన్నాను. అయితే సదరు రిపోర్టు అంచు మీద తమరొకసారి వేలు పెట్టి చూడవలెనని ప్రార్థన. అంత తిన్నగా చేత్తో కొయ్యడం ఎవరి తరమూ కాదు.

కావున, తొడుగు నాకు వద్దు. దాని మీద కట్టిన పన్నూ వద్దు. బిల్లును మూడు పెట్టెలకే సవరించడానికి తమ కార్యాలయం నుంచి ఒక్క ముక్క రాసిస్తే ఆ ఆసామి సిద్ధంగా ఉన్నాడు. ఇవాళ ఇరవై ఏడు. మిషను అందిందని, అందిన రోజే నా హక్కు పుట్టిందని తేల్చి, ఒకటో తారీఖున ఆ ఇద్దరికీ నేనేం చెప్పాలో తమరే సెలవియ్యవలెను.

తమ విధేయుడు,
మూడు పెట్టెల మేరకు మిషను యజమాని

తా.క.: ఈ నాలుగు ముక్కలూ తమ వరండాలో, వరుసలో నిలబడి రాస్తున్నాను. ఇప్పుడే పెద్దది ఫోను చేసింది. వచ్చే నెలకు కుట్టు దారం లేదట. "ఆరు ఉండలు తేనా, పన్నెండు తేనా మావయ్యా?" అని అడిగింది. పన్నెండు తెమ్మన్నాను.