తాళంలో పెరుగు

తార్‌బహార్, బిలాస్‌పూర్.

తమ్ముడు చంద్రమౌళికి,

మా కారు రిమోట్ తాళం పనిచేయడం లేదంటే, "దేవుణ్ణి నమ్మనోడి చేతిలో పనిచేస్తాదేటి" అని చుట్టాలందరికీ ఫోన్లో చెప్పావట. బ్యాటరీ మార్చినా ఫలితం లేక, విసుగెత్తి విప్పి చూశాను. లోపల పెరుగు ఎండిపోయి ఉంది, తేనెకు చీమలు పట్టాయి. వాహనపూజనాడు నేను వద్దంటున్నా తాళాన్ని పళ్ళెంలో పెట్టి పంచామృతం పోసింది నువ్వే.

కొత్త తాళం నేను చేయించుకుంటాను. కానీ నీ మాట విని మీ వదిన ఇది అపశకునమంటోంది, శుక్రవారం తన కంటి ఆపరేషన్‌కు రానంటోంది. విప్పిన తాళం చూపించాను. ఇల్లంతా పుస్తకాలు నింపిన నన్ను నమ్మదు, పంచాంగం తప్ప ఏదీ చదవని నిన్ను నమ్ముతుంది. సీపత్ నుంచి వెంటనే వచ్చి, అది పెరుగేనని నీ నోటితో చెప్పు.

మీ అన్నయ్య