రిటర్న్ దగ్గర విరిగిన లైను

మార్చి 3, సోమవారం

మా టీమ్ లీడ్ మానిటర్‌ను నిలువుగా తిప్పుకుని కూర్చుంటారు. అందుకే ఆయన పేరు నిలువు సార్. కోడ్‌లో ఏ లైనూ ఆయన స్క్రీన్ అంచు దాటకూడదు. ఈ రోజు నాది ఒకటి దాటింది. ఏమ్మా, నీ లైను చదవాలంటే పక్క బిల్డింగుకు వెళ్లాలా అన్నారు. అందరూ నవ్వారు. లైను విరిచి, మిగతా సగం కిందికి దించాను. కాన్వెంటులో మార్జిన్ దాటితే సిస్టర్ పేజీ చింపేసేవారు. విరవడం నాకు అలవాటే.

మార్చి 4

ఈ రోజు ఎవరితోనూ మాట్లాడలేదు.

మార్చి 5

మేం సాఫ్ట్‌వేర్ చేసిచ్చిన క్లినిక్ వాళ్ల అపాయింట్‌మెంట్ల పేజీ తెల్లగా వస్తోందట. ఎర్రర్ కూడా లేదు. శుక్రవారం నా ప్రొబేషన్ రివ్యూ.

మార్చి 6, సాయంత్రం 6

దొరికింది. సోమవారం నేను విరిచిన లైనే. రిటర్న్ అని రాసి, అక్కడే విరిచి, ఇవ్వాల్సిన జాబితాను కింది లైనులో పెట్టాను. చాలాచోట్ల ఈ ప్రోగ్రామింగ్ భాష ఓపిగ్గా కింది లైను కూడా చూస్తుంది. రిటర్న్ దగ్గర మాత్రం చూడదు. లైను ఆగితే మాట అయిపోయిందనుకుని, సెమికోలన్ తనే పెట్టేసుకుని, ఉత్త చేతులతో వెళ్లిపోతుంది. రెండు లైన్లూ కలిపాను. పేజీ నిండింది.

సార్ దగ్గరకు వెళ్లాను. ఆ లైను విరిచింది నేనే సార్, అన్నాను. మీ స్క్రీన్‌లో పట్టాలని, అనబోయి ఊపిరి తీసుకోవడానికి ఆగాను. అంతలోనే ఆయన ఓహో నువ్వేనా, సరే, రేపు రివ్యూలో చూద్దాం అని అటు తిరిగిపోయారు.

టెస్టింగ్ టీమ్‌లో ఉండే అక్కకు చెబితే తల పట్టుకుంది. సగం చెప్పి నీళ్లు నములుతావేంటే తల్లీ, నిన్ను ఉద్యోగంలోంచి పంపించడానికి వాళ్లకు ఆ సగం చాలు అంది.

అమ్మకేమీ చెప్పలేదు. ఓపిక లేదు.

మార్చి 7

రివ్యూలో సార్ ముందే, తప్పు ఎవరిదని మేనేజర్ మేడమ్ అడిగారు. లైను విరిచింది నేనే మేడమ్ కానీ సార్ స్క్రీన్ అంచు దాటకూడదన్న రూల్ కోసం విరిచాను రిటర్న్ దగ్గర విరవకూడదని నాకు తెలీదు చెక్ చేసిన సార్ కూడా చూసుకోలేదు అన్నాను. మధ్యలో ఎక్కడా ఆగలేదు. చివర్లో దగ్గొచ్చింది. మేడమ్ నీళ్ల గ్లాసు నా వైపు జరిపారు.

సార్ నా వైపు తిరిగి, ఈ పిల్లకు ఇంత పొడుగు మాట వచ్చా అన్నారు. ఎవరూ నవ్వలేదు.

మార్చి 10

సార్ మానిటర్ అడ్డంగా ఉంది.

ఉద్యోగం ఖాయమని నాకు కన్ఫర్మేషన్ మెయిల్ వచ్చింది. ఒకటే లైను. చివర చుక్క లేదు. ఇంకేమైనా ఉందేమోనని చూస్తూ కూర్చున్నాను.