నీ తప్పు రాసిన పేజీ

తమ్ముడూ,

నువ్వు ప్రాణం విడిచిన ఆ హిమాలయ శిఖరానికే బయలుదేరిన ఇద్దరు నిన్న శంషాబాద్‌లో మన ఇంటికొచ్చి, నీ సామాను మోసిన కూలీలు మనకు చేర్చిన నీ నోటుబుక్కు అడిగారు.

బాపు నన్ను లోపలికి పిలిచాడు. "ఆఖరి పేజీ చింపి ఇయ్యి బిడ్డా. తప్పు నాదే అని వాడు రాసుకున్నది లోకానికెందుకు?"

నువ్వుంటే ఏమనేవాడివో తెలియదు. కానీ నువ్వు తప్పుగా ఎంచుకున్న ఎడమ లోయలో మధ్యాహ్నం కాగానే రాళ్ళు జారతాయని రాసింది ఆ పేజీలోనే.

"వాళ్ళకు కావలసింది అదే బాపూ."

"తమ్ముని పరువు కంటె ఎక్కువనా వాళ్ళు?"

నోటుబుక్కు చేతిలోకి తీసుకున్నాను. బయటికొచ్చి, వాళ్ళు రాసుకునేదాకా ఆ పేజీ రెండుసార్లు చదివాను, లోపల బాపుకు వినపడేంత గట్టిగా.

నీ అక్క