నాన్న పెట్టె ఎవరు మోయాలి

పాస్టరు అయ్యగారికి వడ్రంగి తాత కూతురు వందనాలతో రాస్తున్నది.

రేపు సమాధి కార్యక్రమంలో మీరు నాన్న గురించి మాట్లాడతారు. ఎనభై తొమ్మిదేళ్లు భక్తిగా బతికారని, చర్చి బల్లలన్నీ ఆయన చేతిపనేనని, కుటుంబ ప్రార్థన ఏనాడూ మానలేదని చెబుతారు. దయచేసి ఇంకో మాట కూడా చెప్పండి.

నా తమ్ముడు విశ్వాసం వదిలేశాడని నాన్న ఏళ్ల తరబడి వాడి గడప తొక్కలేదు. పోయిన ఆదివారం మాత్రం నన్ను వెంటబెట్టుకుని వెళ్లి, వాడి పక్కన కూర్చుని భోంచేశారు. "ప్రభువు ఈ ఇంటికి ఎప్పుడో వచ్చాడమ్మా, నేనే ఆలస్యం చేశాను" అన్నారు.

అన్నయ్య నమ్మడం లేదు. "వాడు పెట్టె ముట్టుకుంటే నేను మొయ్యను" అని పట్టుబట్టి కూర్చున్నాడు. మీ మాటైతే జవదాటడు. పెట్టె ఎత్తేలోపే చెప్పండి. మీరు చెప్పకపోతే నేనే లేచి చెబుతాను.

తమ్ముడు పొద్దుట్నుంచీ గేటు బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే, "అన్నయ్య పిలిస్తే వస్తానక్కా" అంటున్నాడు.