పంక్చర్ అని చెప్పావు

వసంతా,

నువ్వు పోయాక మొదటిసారి గుల్బర్గా సైకిల్ ట్రిప్‌కు వచ్చాను. అబిడ్స్ బట్టల షాపులో పక్కపక్క కౌంటర్లలో నిలబడే మనిద్దరం ఏటా కలిసి చేసిన ట్రిప్ ఇది. పొద్దున నాంపల్లి స్టేషన్ ముందు నుంచి అందరం బయలుదేరాం. వెనకాల సామాన్ల వ్యాన్‌లో అదే డ్రైవర్, యాదగిరి.

వికారాబాద్‌లో భోజనానికి ఆగినప్పుడు అతను నా దగ్గరకు వచ్చాడు.

"పోయినేడు వసంతక్క గుండె నొస్తుందని గీడ్నే వ్యాన్ల జరసేపు పండుకొని మల్ల సైకిలెక్కింది అక్కా. డాక్టర్ సైకిల్ తొక్కొద్దన్నడంట. మీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నది."

"నాకు పంక్చర్ అని చెప్పింది."

"ఔ అక్కా. ట్యూబుల గాలి నేనే తీసిన."

ఆ రోజు అనంతగిరి ఘాట్ మీద "తొందరగా తొక్కవే" అని నీ మీద ఎన్నిసార్లు అరిచానో! నువ్వు నవ్వుతూ చెయ్యి ఊపావు. డ్రైవర్‌ను నమ్మావు. ఇన్నేళ్లు నీతో ఒకే డబ్బాలో అన్నం తిన్న నన్ను నమ్మలేదు. ఆ అరుపులు ఇప్పుడెలా వెనక్కి తీసుకోను?

యాదగిరి నన్ను చూసి వ్యాన్ ఎక్కమన్నాడు. ఎక్కలేదు. ఘాటంతా నిన్ను తిట్టుకుంటూనే తొక్కాను. పైకి చేరాక ఏటా నీకోసం ఆగేదాన్ని. ఇవాళ ఆగకుండా దిగిపోయాను.

ఇంకా కోపంగానే ఉన్న
సరోజ