స్నానాలగది తలుపుపై ఆకాశరామన్న

పురాతన వీధుల పరిరక్షణ అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా స్నానాలగది తలుపును ఇరవై నాలుగు అంగుళాల నుంచి ముప్పై ఆరుకు పెంచి, గడప తీసివేయుటకు అనుమతి కోరుట, మరియు ఆకాశరామన్నను పట్టుకొనుట గురించి.

మా నానమ్మగారికి మోకాళ్లు సహకరించుట లేదు. గత నెలలో, నేను పనికి వెళ్లిన సమయమున, సదరు గడప తట్టుకుని రెండుసార్లు పడ్డారు. చక్రాల కుర్చీ కొన్నాము. అది ఆ తలుపులో పట్టదు. తలుపు వయసు నూట పదేళ్లు కనుక ముట్టరాదని తమ శాఖ వాదన. నానమ్మ వయసు ఎనభై ఒకటి. ఆవిడ పేరు తమ పరిరక్షణ జాబితాలో లేదు.

1. నేను అర్జీ పెట్టిన ప్రతిసారీ మూడు రోజుల్లో, దాన్ని అడ్డుకుంటూ తమకొక ఆకాశరామన్న ఉత్తరం అందుతోంది. తమ కార్యాలయంలో ఇంత వేగంగా కదిలే కాగితం ఇదొక్కటే అగుటచే, మొదటి అనుమానం తమరి మీదే కలిగినదని మనవి. పూర్తిగా పోలేదు కూడా.

2. "గడప ఎత్తు నాలుగు అంగుళాలు, లోపలి గొళ్లెం ఆనాటిదే, పాడుచేయరాదు" అని రామన్న రాసినట్టు తమ ఇన్‌స్పెక్టరు గారు చెప్పారు. లోపలి గొళ్లెం సంగతి లోపలికెళ్లి తలుపేసుకున్నవారికే తెలియును. కావున పై వాటా బాబాయిని నిలదీయగా, "ఒరేయ్, నేను ఉత్తరం రాయడమా? నా సంతకమే నాకు రెండుసార్లు ఒకేలా రాదు!" అన్నాడు. ఈ విషయం బ్యాంకువారు ధ్రువీకరించారు.

3. ఇన్‌స్పెక్టరు గారు మూడుసార్లు వచ్చి, ఒక్కసారి కొలిచి, మూడుసార్లూ నానమ్మతో గంటసేపు కబుర్లాడారు. వెళ్తూ, "ఆ దస్తూరి ముత్యాల్లా ఉంది బాబూ, ఈ రోజుల్లో అలా ఎవరు రాస్తున్నారు?" అని నన్నే అడిగి నవ్వారు. డ్యూటీలో నవ్వుట అనుమానాస్పదము.

4. ప్రస్తుతం ఉదయం, సాయంత్రం నేను ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, వెనక్కి నడుస్తూ తీసుకెళ్తున్నాను. నా తల వెనక రెండు బొప్పెలున్నవి. అవి పురాతనమైనవి కావు. మధ్యాహ్నం ఆవిడకు తోడెవరూ లేరు. ఈసారి పడితే తుంటి ఎముక పోతుందని డాక్టరు చెప్పారు. దీని మీద నాకు జోకు తట్టలేదు.

కావున అనుమతి దయచేసి, ఆ రామన్నను ఒక్కసారి నాకు చూపించగలందులకు ప్రార్థన.

తమ విధేయుడు,
వెనక్కి నడిచేవాడు

తా.క.: పంపేముందు దీన్ని నానమ్మకు చదివి వినిపించాను. రెండో అంశం దగ్గర ఆపింది.

"నాలుగేంట్రా? మూడున్నర అని కదా రాశాను!"

నేను కాగితం పక్కన పెట్టాను. తర్వాత తనే అంది: "తలుపు పెద్దదైతే ఆ కుర్చీ దూరిపోతుంది. ఇక నా చేతులు ఎవరు పట్టుకుంటార్రా?"

అందుచేత పైన ముప్పై ఆరు అన్నచోట నలభై ఎనిమిది అని చదువుకోగలరు. మధ్యాహ్నం కుర్చీ పడుతుంది. ఉదయం, సాయంత్రం మేమిద్దరం పక్కపక్కనే పడతాం (పట్టుట అని అర్థం, పడుట కాదు). నేను కూడా ముందుకే నడుస్తాను.

ఆకాశరామన్న తన అభ్యంతరాలన్నీ వెనక్కి తీసుకున్నారు. ముత్యాల్లాంటి సంతకం కింద ఉంది. గొళ్లెం మాత్రం పాతదే ఉంచాలట.